రెండోది చెప్పమన్న పంతులు

ఈ ఎండాకాలం సెలవుల్లో మా మనుమరాలిని జనగామలో ఒక శిబిరంలో చేర్పించారు. హైస్కూలు పిల్లలకు నాయకత్వం నేర్పుతారట. నలుగురిలో లేచి మాట్లాడటం, జట్టును నడిపించడం, ఏదైనా తగవు వస్తే తేల్చడం, ఇట్లాంటివి. ముగింపు రోజున ఊళ్లో పెద్దమనిషి ఎవరినైనా పిలిచి నాలుగు మాటలు చెప్పించాలని అనుకున్నారట. రిటైరైన హెడ్మాస్టరును, ఎనభై దాటినవాణ్ణి, ఖాళీగా ఉన్నవాణ్ణి, నన్ను పిలిచారు. వేదిక మీద కూర్చోబెట్టాక ఒక అమ్మాయి మైకు పట్టుకొని అడిగింది: "సార్, మీకు మాట్లాడుడు ఎవరు నేర్పిండ్రు?"

ఒక ముఖం వెంటనే కళ్ల ముందుకు వచ్చింది. చెప్పబోయి ఆగిపోయాను. ఆయన ధైర్యవంతుడని చెప్పాలో, పిరికివాడని చెప్పాలో, అసలు ఏమనుకొని మాకు అదంతా నేర్పాడో నాకు తెలియదు. "ఒక ఉర్దూ పంతులుండె" అని మాత్రం అని, నీళ్లు తాగి కూర్చున్నాను. పిల్లలు మర్యాదకు చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చినా మనసు కుదుటపడలేదు. అందుకని రాస్తున్నాను. రాస్తే ఆయన అర్థమవుతాడన్న నమ్మకమేమీ లేదు.

అప్పట్లో మా నైజాం ఇలాకాలో పెద్ద బడి చదువంతా ఉర్దూలోనే. లెక్కలు ఉర్దూలో, చరిత్ర ఉర్దూలో. బడిలో తెలుగు మాట వినిపిస్తే వీపు మీద బెత్తం పడేది. ఈ ఉర్దూ పంతులు మాత్రం మాతో తెలుగు మాట్లాడేవాడు. మాకంటే నెమ్మదిగా, ఒక్కొక్క మాటనూ ఏరుకొని పెడుతున్నట్టు మాట్లాడేవాడు. మోచేతుల దగ్గర రంగు వెలిసిన నల్ల షేర్వాణీ, టోపీ, చేతిలో గొడుగు. ఆ గొడుగును ఎండలో విప్పగా నేను చూడలేదు. వానలో విప్పినట్టు కూడా గుర్తు లేదు. దారిలో నడుస్తూ నడుస్తూ ఆగి, గొడుగు మొనతో మట్టిలో ఏదో గీసి, దాన్నే తేరిపార చూసి, చెప్పుతో చెరిపేసి మళ్లీ నడిచేవాడు. ఏం గీశాడో చూద్దామని మేం వెనకాల పరుగెత్తేవాళ్లం. చెరిపిన గుర్తు తప్ప మరేమీ ఉండేది కాదు.

ఇంకొక వింత, మమ్మల్ని 'మీరు' అనేవాడు. మా నాయిన్ను ఊళ్లో దొర దగ్గరి జీతగాడు కూడా 'ఏరా' అనేవాడు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన నన్ను, మీసాలు కూడా రాని నన్ను, "మల్లేశం, మీరు కూసోండ్రి" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను.

ఎవరేం చెప్పినా చివరిదాకా వినేవాడు. విని, ఒకసారి దగ్గి, "ఇది ఒకటి. రెండోది చెప్పుండ్రి" అనేవాడు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు రైలు గేటు పడిందని చెబితే అదే మాట. వాడు కాసేపు నేల చూపులు చూసి, నిద్ర లేవలేదని ఒప్పుకునేవాడు. అప్పుడు తల ఊపి లోపలికి రమ్మనేవాడు. క్షవరం చేసేటప్పుడు మంగలాయన దేశం చెడిపోయిందంటే అక్కడా అదే మాట అన్నాడట. మంగలాయన కత్తి ఆపేసి, రెండోది ఏముంటుందని చాలాసేపు ఆలోచించాడట. పంతులు మాత్రం రెండోది ఏమిటో తాను ఎన్నడూ చెప్పలేదు.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం అది. చుట్టుపక్కల ఊళ్లన్నీ అట్టుడికిపోతున్నాయి. ఒక ఊరి మీద నైజాం పక్షం రజాకార్లు పడ్డారని, ఇంకొక ఊళ్లో వెట్టికి ఎదురు తిరిగిన సంఘం వాళ్లు దొర గడీని ముట్టడించారని రోజూ ఏదో కబురు వచ్చేది. మాది బచ్చన్నపేట దగ్గరి పల్లె. సెలవులిచ్చినా ఇంటికి రావద్దని, జనగామలోనే మామ దగ్గర ఉండమని మా నాయిన కబురు పంపాడు. మా మేనమామ అంగట్లో బట్టలు కుట్టేవాడు. నావంటి వాళ్లే ఇంకా కొంతమంది పిల్లలు ఊరికి పోలేక పట్నంలో చిక్కుబడిపోయారు. మిట్టమధ్యాహ్నం స్టేషను దగ్గర చేరి, వచ్చే పోయే రైళ్లలోని సిపాయిలను చూస్తూ నిలబడేవాళ్లం.

ఒకరోజు ఈ పంతులు స్టేషనుకు వచ్చి మమ్మల్ని చూశాడు. గొడుగు మొనతో నేల మీద ఏదో గీసి, చెరిపి, రేపు పొద్దు పొడవకముందే బడి వరండాలోకి రమ్మన్నాడు. సెలవులు కద సార్ అన్నాం. "అందుకే" అన్నాడు.

పెద్ద పంతులుకు ఏం చెప్పి అనుమతి తీసుకున్నాడో గాని, పిల్లలకు ఉర్దూ ఉపన్యాసం నేర్పుతానన్నాడని తర్వాత విన్నాం. ఉర్దూ నేర్పిన మాట నిజమే. అయితే ఉర్దూలో చెప్పింది అయిపోగానే అదే సంగతి మళ్లీ తెలుగులో చెప్పాలి. "మీ అమ్మ గిక్కడ కూసున్నదనుకొని చెప్పుండ్రి" అనేవాడు.

రోజుకొకరు సదర్. సదర్ అంటే సభకు అధ్యక్షుడు. ఆ రోజు వాడి మాటే చెల్లుతుంది. పంతులు కూడా వాడు కూర్చోమంటే కూర్చుంటాడు, ఆపమంటే ఆపుతాడు. కాని సదర్ అందరికంటే ముందు వచ్చి వరండా ఊడ్చాలి, బావి నుంచి నీళ్లు తోడి రంజన్ కుండ నింపాలి, అందరూ మాట్లాడిన తర్వాతే తాను మాట్లాడాలి. మేం పెత్తనం అనుకొని ఆశపడ్డాం గాని, సదర్ అయిన రోజు నడుం పడిపోయేది.

ఆ గుంపులో ముగ్గురి గురించి చెప్పాలి. రాఘవరావు ఒక దొరకు మేనల్లుడు. ఆ ఇంట్లోనే పెరిగాడు, గొడవలు మొదలైనప్పటి నుంచి పట్నంలో ఉంటున్నాడు. నర్సింహ వాళ్ల అన్న సంఘంలో తిరిగేవాడు. వాడి నోట ఎప్పుడూ సమానత్వం గురించిన మాటలే. మూడోవాడు యాకోబు, మాదిగ వాడకట్టు నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లవాడు. తరగతిలో చివర కూర్చునేవాడు.

యాకోబు సదర్ అయిన రోజు రంజన్ వాడు నింపాడు. పొద్దెక్కింది. ఎండకు నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి. ఎవరూ రంజన్ వైపు పోలేదు. యాకోబు అది చూస్తూనే సభ నడిపిస్తున్నాడు, గొంతు మాత్రం పీలగా అయిపోయింది. పంతులు లేచి ఒక గ్లాసు ముంచుకొని తాగితే అయిపోయేది. ఆయన వెంట మేమూ తాగేవాళ్లం. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అందరం ఆయన వైపే చూస్తున్నాం. ఆయన కదల్లేదు. నర్సింహ ధైర్యం చేసి, సార్ మీరు తాగరా అని అడిగాడు.

"నాకు దూప కాలె" అన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

చాలాసేపటికి రాఘవరావు లేచాడు. వాడు ఆదర్శం కోసం లేచినట్టు నాకు అనిపించలేదు, దాహం ఆపుకోలేకపోయాడు. ముంచుకొని గటగట తాగి, మూతి తుడుచుకున్నాడు. దొర ఇంటి పిల్లవాడే తాగాక ఇంకేముంది, ఒక్కొక్కరం లేచాం. సమానత్వం మాట్లాడే నర్సింహ మా అందరి తర్వాత తాగాడు. వాడి తర్వాత పంతులు తాగాడు. వరుసగా రెండు గ్లాసులు తాగాడు.

ఇప్పటికీ నాకు తేలలేదు. మమ్మల్ని పరీక్షించడానికి ఆగాడా? లేక ఆయనకూ మాలాగే లోపల ఏదో అడ్డం పడిందా? పట్టుదలతో ఉన్న మనిషీ, వెనకాడే మనిషీ కదలకుండా కూర్చుంటే బయటికి ఒక్కలాగే కనిపిస్తారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు వెట్టి మీద వాదం పెట్టాడు. అప్పట్లో ఆ మాట బడిలో ఎత్తడమే ప్రమాదం. వెట్టి ఉండాలని ఒకరు, ఉండకూడదని ఒకరు మాట్లాడాలి. ఉండాలని నన్ను చెప్పమన్నాడు. ఉండకూడదని రాఘవరావును చెప్పమన్నాడు.

నేను లేచి, సార్ మా నాయిన వెట్టికి పోతడు, దొర పొలం దున్నినంకనే మా పొలం దున్నుకుంటడు, నేనెట్ల చెప్పాలె అన్నాను. ఆయన దగ్గి, "మీకు తెలిసిన బాధ మీరు చెప్పుడేంది? అది మీ ఇంట్ల అందరు చెప్తరు. దొర ఏమనుకుంటడో చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. మొదట మాటలు తడబడ్డాయి. తర్వాత ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. కరువొస్తే గింజలు ఎవరిస్తరు, చెరువు కట్ట తెగితే మనుషులను ఎవరు కూడేస్తరు, పెద్ద దిక్కు లేని ఊరు తల లేని మొండెం గాదా అన్నాను. చిన్నప్పటి నుంచి గడీ ముందర చేతులు కట్టుకొని నిలబడ్డ నాయిన పక్కన నిలబడి విన్న మాటలే అవన్నీ. గొంతు కూడా మారిపోయింది. చేయి నడుం మీదికి పోయింది. పిల్లలు విని చప్పట్లు కొట్టారు. అంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

తర్వాత రాఘవరావు లేచాడు. వాడికి ఏమీ రాదనుకున్నాం. కాని వాడు అన్నాడు: "మా మామ ఇంట్ల ఒక అవ్వ నీళ్లు తోడుతది. నాకు బుద్ధి తెలిసిన కాడినుంచి ఆమె తోడిన నీళ్లతోనే తానం చేస్తున్న. ఆమె పేరేందో నాకు తెల్వదు." అంతే. కూర్చొని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

ఎవరు గెలిచారో పంతులు చెబుతాడని చూశాం. ఆయన గొడుగు తీసుకొని, రేపటి సదర్ ఎవరో చెప్పి, వెళ్లిపోయాడు. నేను ఇంటికి పోతూ దారంతా అదే తలుచుకున్నాను. నా నోట్లో నుంచి దొర మాట్లాడాడు. వాడి నోట్లో నుంచి మా ఇంటి బాధ వచ్చింది. మరి నేనెవరిని? మామకు చెబితే, ఆ పంతులుకు పిచ్చి పట్టింది, రేపటి నుంచి పోవద్దన్నాడు. మర్నాడు అందరికంటే ముందు నేనే పోయాను.

ఈ ముచ్చట్లు గోడ దాటకుండా ఉండవు. ఒకరోజు పోలీసు అమీను వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పూట అదృష్టవశాత్తూ నర్సింహ వంతు, సర్కారు వేసిన రైలు దారిని పొగడాల్సిన వాదం. వాడు పళ్లు కొరుకుతూనే పొగిడాడు. అమీను మెచ్చుకొని వెళ్లాడు. ఆ సాయంత్రమే నర్సింహ వాళ్ల అన్న మనిషిని పంపి, మీ పంతులు సర్కారు తొత్తా అని అడిగించాడట. అటు పెద్ద పంతులేమో, మీరు సంఘపోళ్లను తయారు చేస్తున్నరని ఫిర్యాదు వచ్చిందని ఈయన్ను పిలిచి నిలదీశాడు. ఏమని జవాబు చెప్పాడో మాకు తెలియదు. మర్నాడు మామూలుగానే వచ్చాడు, మామూలుగానే దగ్గాడు.

వానలు పడ్డాయి, బడి తెరిచారు, సరిగా నడవనేలేదు. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. నైజాం పని అయిపోయిందన్నారు. స్టేషను ముందర జనం గంతులు వేశారు, నేనూ వేశాను. అంతలోనే పట్నంలో ముస్లిముల ఇళ్ల తలుపులు మూతపడ్డాయి. ఊళ్లలో రజాకార్ల దాడుల్లో ఇళ్లు కాలినవాళ్లు, కొడుకులను పోగొట్టుకున్నవాళ్లు కర్రలు పట్టుకొని పట్నానికి వస్తున్నారు. వాళ్ల దుఃఖం అబద్ధం కాదు. కాని దాన్ని ఎవరి మీద దించుకోవాలో చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఒక పొద్దున రాఘవరావు మా మామ దుకాణానికి ఉరికి వచ్చాడు. పంతులు ఇంటి ముందర జనం చేరారన్నాడు. మామ నా చేయి పట్టుకొని ఆపబోయాడు. విడిపించుకొని పరుగెత్తాను.

సందు నిండా మనుషులు. ఇంటి తలుపు తెరిచే ఉంది. గడప మీద పంతులు నిలబడి ఉన్నాడు, ఆయన వెనక ముసలి తల్లి. బడి గోడ అవతల కట్టెల అడితిలో పని చేసే ఒకాయన ముందుకు వచ్చి, అందరికీ వినపడేట్టు చెబుతున్నాడు: "ఈయన పోరగాండ్లకు వెట్టి మంచిదని నేర్పిండు. నేను గోడవతల కట్టెలు కొట్టుకుంట నా చెవులార విన్న." అంతలో నన్ను చూశాడు. "గీ పోరడే చెప్పిండు. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. వాళ్లలో నర్సింహ వాళ్ల అన్న కూడా ఉన్నాడు, భుజాన తుపాకి. నిజం చెబితే ఆయన్ను చంపుతారని అనిపించింది. నిజమంతా విడమరిచి చెప్పే వ్యవధి అక్కడ లేదు.

"సారు సంఘం మనిషి" అన్నాను.

ఒకసారి నోరు విప్పాక ఆగలేదు. మాకు చాటుగా సంఘం ముచ్చట్లు చెప్పేవాడన్నాను. అమీను కళ్లుగప్పడానికే పైకి వెట్టి మంచిదని చెప్పించాడన్నాను. అబద్ధం మీద అబద్ధం నున్నగా పేర్చుకుంటూ పోయాను. ముందువరసలో కర్రలు కిందికి దిగాయి. ఎవరో, అయితే ఇంకేంది, పోదాం పదుండ్రి అన్నారు.

అప్పుడు గడప మీద నుంచి పంతులు దగ్గాడు.

"మల్లేశం చెప్పింది నిజం కాదు" అన్నాడు. "నేను ఏ సంఘంల లేను. రజాకార్లలో గూడ లేను. వెట్టి మంచిదని ఆయనతోని చెప్పించింది నేనే. చెడ్డదని ఇంకొకాయనతోని చెప్పించింది గూడ నేనే."

రాఘవరావు ముందుకు తోసుకొచ్చి, చెడ్డదని చెప్పింది నేనే అన్నాడు. వాడు దొర మేనల్లుడని ఎవరో గుర్తుపట్టి, నువ్వా మాకు సాక్ష్యం చెప్పేది అని రెక్క పట్టి వెనక్కి నెట్టారు. దిగిన కర్రలు మళ్లీ లేచాయి. నాకు పంతులు మీద పట్టరాని కోపం వచ్చింది. బతికించాలని ఒక తలుపు తెరిస్తే తానే మూసుకున్నాడు. ఎందుకు? ఎవరి కోసం?

నర్సింహ వాళ్ల అన్న ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ మనిషికి కూడా ఏమీ అంతుపట్టలేదని ఆ చూపులోనే తెలిసింది. చివరికి గుంపు వైపు తిరిగి, "ఈయన్ని ఎవ్వరు ముట్టద్దు. మేం తీస్కపోతం. విచారణ మేం చేస్తం" అన్నాడు.

జనం దారి ఇచ్చారు. పంతులు లోపలికి పోయి గొడుగు తెచ్చుకున్నాడు. తల్లితో ఏదో చెప్పాడు. తుపాకి ముందు, ఆయన వెనక, సందు మలుపు తిరిగి వెళ్లిపోయారు. ఆయన్ను కాపాడి తీసుకుపోయారో, పట్టి తీసుకుపోయారో మాకు ఎవరికీ తెలియలేదు. రాఘవరావు కాపాడారన్నాడు. యాకోబు ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, అన్నా, పట్టుకపోయినట్టే ఉన్నదే అని ఏడ్చాడు. నర్సింహను అడిగితే, వాళ్ల అన్న తనకూ చెప్పలేదన్నాడు.

నన్ను పోవద్దని ఆపిన మామే పోయి ఆ ముసలమ్మను మా ఇంటికి తెచ్చాడు. వీధిలో నలుగురూ నాలుగు మాటలన్నారు. మామ మిషన్ తొక్కుతూనే ఉన్నాడు, ఎవరికీ బదులు చెప్పలేదు. హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చి తీసుకుపోయేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. దీపం పెట్టే వేళకు నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, నా కొడుకును తీసుకుపోయింది మంచివాళ్లేనా అని ఉర్దూలో అడిగేది. మంచివాళ్లే అమ్మా అనేవాణ్ణి. రోజూ అడిగేది, రోజూ చెప్పేవాణ్ణి. నాకేం తెలుసు?

తర్వాత ఎన్ని కబుర్లో. భూపాలపల్లి అడవుల్లో సంఘం దళంతో తిరుగుతున్నాడని ఒకరు, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి అవతలికి పోయాడని ఒకరు, బయ్యారం గుట్టల్లో మిలిటరీవాళ్లు కాల్చేశారని ఒకరు. రాఘవరావు వకీలయ్యాడు. నర్సింహ వాళ్ల అన్న పోరాటంలోనే చనిపోయాడు, కాబట్టి అడగడానికి ఆ మనిషీ లేడు. నేను పంతులునయ్యాను. పిల్లలకు సత్యం గురించి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆయన కథే చెప్పేవాణ్ణి. ప్రాణం పోతుందని తెలిసి కూడా అబద్ధంతో బతకనన్న మహానుభావుడు అనేవాణ్ణి. చెప్పేటప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగేవి, పిల్లల కళ్లలో కూడా.

చాలా ఏళ్ల తర్వాత మానుకోటకు బదిలీ అయ్యాను. అంటే మహబూబాబాద్. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. ఒకరోజు మధ్యాహ్నం స్టేషనులో వరంగల్ పోయే బండి కోసం చూస్తుంటే, బెంచీ చివర ఒకాయన దగ్గాడు. ముఖం చూడకముందే గుర్తుపట్టాను.

టోపీ లేదు, షేర్వాణీ లేదు. నేత చొక్కా, నెరిసిన గడ్డం. దగ్గరికి పోయి, సార్ నేను మల్లేశం అన్నాను. ఆయన లేచి నిలబడబోతే కూర్చోబెట్టాను. తల్లి సంగతి నేను చెప్పబోయాను గాని, ఆమె హైదరాబాదులో చనిపోయిందని ఆయనకు తెలుసు. మా మామ ఎట్లా ఉన్నాడని అడిగాడు.

తన సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. దళంవాళ్లు ఆయన్ను వెంట తిప్పుకుంటూ కొన్నాళ్లు విచారణ చేశారట. శత్రువు కాదన్నారు, మిత్రుడని కూడా అనలేదు. చివరికి బయ్యారం దిక్కు ఒక గూడెంలో వదిలేసి మీ ఇష్టం అన్నారట. జనగామకు తిరిగి పోవడానికి భయమేసి, ఆ గూడెంలోనే పిల్లలకు అక్షరాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. తర్వాత మిలిటరీవాళ్లు వచ్చి, దళం వదిలిపెట్టిన మనిషివి కాబట్టి నువ్వు సంఘం వాడివేనని జైల్లో పెట్టారు. నేను సంఘం మనిషిని కానని అక్కడ కూడా చెప్పాడట. అక్కడ ఎవరూ నమ్మలేదు. బయటికి వచ్చాక బడి కొలువు మళ్లీ దొరకలేదు. ఇప్పుడు భూపాలపల్లి దిక్కు ఒక కలప కాంట్రాక్టరు దగ్గర రాతకోతల పని చేస్తున్నాడు.

ఆయన చెబుతుంటే నేను ఒక ప్రశ్న కోసమే కాచుకొని ఉన్నాను. చివరికి అడిగేశాను. ఆ రోజు జనం పోబోతుంటే మీరు నిజం ఎందుకు చెప్పిండ్రు సార్ అన్నాను. ఏళ్ల తరబడి పిల్లలకు నేను చెబుతూ వచ్చిన జవాబే వినాలని కూర్చున్నాను.

ఆయన పట్టాల వైపు చూశాడు. "భయంతోని" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీరు చెప్పిన మాటకు ఔనందమనే నోరు తెరిచిన. ఔనంటే ఇంకేమన్న అడుగుతరు. సంఘంల ఎవరు తెలుసు, ఏ ఊర్ల కలిసినవు, అని. నాకు అబద్ధం నడిపిచ్చుడు రాదు, దొరికిపోత. కాళ్లు వణుకుతున్నయి. నోట్లె ఏది సులువుగ ఉంటే అది వచ్చింది. అది నిజమైంది. గంతే."

అట్ల అనకుండ్రి సార్ అన్నాను. మా బడి పిల్లలకు మీ కథ చెబుతానన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు, బాధపడ్డట్టు కూడా అనిపించింది. నా మనసు తేలిక చేయడానికి తనను తాను తక్కువ చేసుకుంటున్నాడా? లేక ఇన్నేళ్లూ నేనే ఒక భయస్థుణ్ణి పట్టుకొని మహానుభావుణ్ణి చేశానా? ఆయన ముఖంలో వెతికాను. పండిపోయిన గడ్డం, అలసిపోయిన కళ్లు, అంతకుమించి ఏమీ కనిపించలేదు.

బండి వస్తున్నట్టు గంట కొట్టారు. జనం మూటలు సర్దుకుంటున్నారు. ఆయన ఎక్కాల్సిన బండి అది కాదు, లేవలేదు. నా వైపు పూర్తిగా తిరిగి, ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాట అడిగినట్టు అడిగాడు.

"మీరు ఆ దినం సంఘం మనిషి అన్నరు. అది నిజం గాదని మీకు తెలుసు. ఎందుకన్నరు?"

ఆయన నన్ను తప్పు పడుతున్నాడో, మెచ్చుకుంటున్నాడో తెలియలేదు. ఆలోచించి చెప్పే సమయం లేదు. బండి వచ్చి ఆగుతోంది.

"మీరు బతకాలని సార్" అన్నాను.

ఆయన ఈసారి రెండోది అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూశాడు.

"ఔ" అన్నాడు మెల్లగా. "బతికిన."

ఇంజను ఊది ఊది ఆగింది. నన్ను ఎక్కమని సైగ చేశాడు. తలుపు దగ్గర నిలబడి, బండి కదిలేదాకా ఆయన్నే చూశాను. ఆయన ఇంకా తన చేతులు చూసుకుంటూనే ఉన్నాడు.